పిట్టగోడ వెనక నీళ్ళు

కార్క్,
16 సెప్టెంబర్ 2001

అక్కా,

ఫోన్లో నీకు వినపడదు. నేను అరిస్తే నీకు తప్ప వీధందరికీ వినపడుతుంది. అందుకే మళ్ళీ కాగితం పట్టాను.

ఇక్కడ ఒక పాత ఇంట్లో గార పనిలో చేరాను. ఇప్పించింది నీ కొడుకే కనక ముందు వాడి సంగతి. లోర్కన్ ఇక్కడ ఇంజనీరు. నెత్తిన తెల్ల టోపీ, చేతిలో నక్షాల చుట్ట. నన్ను చూసి "గుడ్ మార్నింగ్, మిస్టర్ హర్లీ" అన్నాడు. ముక్కు తుడిచి పెంచిన మేనమామని! "ఏరా, మామయ్యా అనడానికి నోరు రాలేదా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు ఎర్రబడిపోయి నన్ను పక్కకి లాక్కెళ్ళి, "ఇక్కడ నేను మామయ్యా అంటే, సొంతవాళ్ళని తెచ్చి పెట్టుకున్నాడంటారు. కాస్త అర్థం చేసుకో" అన్నాడు. అర్థం చేసుకున్నాను. నచ్చలేదు.

ఇల్లు మాత్రం నచ్చింది. ఆర్డ్‌కీల్ విల్లా. నది దాటి వచ్చేటప్పుడు కొండ మీద తెల్లగా కనపడుతుందే, అదే. వెనకటికి ఒక వెన్న వ్యాపారి కట్టాడు. వీధిలోంచి చూస్తే ఒకటే అంతస్తు. పద్నాలుగు రాతి మెట్లెక్కి గుమ్మంలోకి వెళ్ళాలి. కింద ఇంటంత నేలమాళిగ ఉందని ఎవరికీ తెలియదు. వంటా, బొగ్గూ, పనివాళ్ళూ, చెమటా అంతా కిందే. పైన పియానోలు. హాలు మధ్యలో కప్పుకి అద్దాల గూడు పెట్టి వెలుతురంతా అందులోంచి దింపాడు. ముందు గది పైకప్పు చూస్తే నీకు మాట రాదు. ద్రాక్ష తీగలు, గుత్తులు, ఆకుల ఈనెలతో సహా గారలో పోశారు. నాలుగు మూలల్లో నాలుగు ఆవు తలకాయలు. అందులో ఒకటి నాలుక బయటపెట్టింది! పరంజా ఎక్కితే తప్ప కనపడదు. ఆ మేస్త్రి ఎవడో గాని, వెన్న వ్యాపారిని నూట ముప్పై ఏళ్ళుగా వెక్కిరిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు దీన్ని ఒక బీమా కంపెనీ ఆఫీసులుగా మారుస్తోంది. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది కాబట్టి మేకు కొట్టాలన్నా నగర కౌన్సిల్ నుంచి మిసెస్ టార్పీ సంతకం కావాలి. గదుల్లో పెట్టే అద్దాల గోడలు పైకప్పుని తాకకూడదు. రేపు తీసేస్తే ఇల్లు ఇల్లులా మిగలాలి. పెట్టెలో పెట్టె పెట్టినట్టు గదిలో గది. కంపెనీకి మాళిగ నుంచి పైకి లిఫ్ట్ కూడా కావాలి. దానికి చోటు ముందు గది వెనక మూలే. లిఫ్ట్ యంత్రానికి పైన చోటు కావాలి, అంటే పైకప్పుని కొయ్యాలి. "ఆ పైకప్పు ఉన్నంత కాలం కుదరదు" అంది మిసెస్ టార్పీ. ఉన్నంత కాలం! ఆ మాట అందరి చెవుల్లోనూ పడింది. ఎవరి చెవిలో ఏమని పడిందో దేవుడికెరుక.

నీ తమ్ముడు,
మోసీ


కాసిల్‌టౌన్‌బేర్,
25 సెప్టెంబర్

ఒరే మోసీ,

ఆవు నాలుక సంగతి చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే, ఉత్తరం తెచ్చిన డెనీ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "డీలియా, డాక్టర్ని పిలవనా?" అన్నాడు.

నలుగురిలో వాణ్ణి ఏరా అన్నావా? వాడికి ముప్పై రెండేళ్ళురా. నాన్న నిన్ను సంతలో చెవి పట్టుకు తిప్పితే నువ్వు మూడు రోజులు అన్నం ముట్టలేదు, గుర్తులేదా?

ఆదివారం వచ్చాడు. క్యాబేజీ, పంది మాంసం వండితే రెండు పళ్ళేలు లాగించాడు గాని నోరు విప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "ఆ లిఫ్ట్ సంగతి తేలకపోతే నా ఉద్యోగం తేలిపోతుందమ్మా" అన్నాడు. అంతే. వాళ్ళ నాన్న పోలికే. పడవ మునుగుతున్నా మీ బావ "కాస్త తడిగా ఉంది" అనేవాడు కదా.

నా కోళ్ళు గుడ్లు మానేశాయి. రేవులో వలలు బాగు చేసే గ్రెటా మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది, ఇది మూడోది. నువ్వేం తింటున్నావు? టీ, రొట్టె మీద బతకకు.

మీ అక్క,
డీలియా


కార్క్,
21 అక్టోబర్

అక్కా,

ఇది చదివాక పొయ్యిలో వెయ్యి.

పైకప్పు తడుస్తోంది. మంగళవారం పొద్దున తలుపు తీసేసరికి ద్రాక్ష గుత్తుల మధ్య టీ ఒలికినట్టు మచ్చ. సాయంత్రానికి పళ్ళెమంత అయింది. ఇన్నేళ్ళుగా పడని మచ్చ ఇప్పుడెందుకు పడింది? కార్క్‌లో వాన కొత్తగా పుట్టిందా?

పన్నెండున్నరకి అందరం తిండికి మాళిగలోకి దిగుతాం. బుధవారం నేను సంచి మరిచిపోయి పైకొచ్చాను. నీ కొడుకు కప్పు మీదికి పోయే అటక నిచ్చెన దిగుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడి. మోకాళ్ళ మీద తెల్లటి పొడి.

"పైనేం చేస్తున్నావ్?"

"చూస్తున్నా."

"ఏంటి?"

"కప్పు."

"కప్పు చూస్తే చేతులు తడుస్తాయా?"

నా కళ్ళలోకి చూడలేదు. "మామయ్యా, నాకు కొంచెం టైమివ్వు" అన్నాడు. చూశావా, అవసరం పడేసరికి మిస్టర్ హర్లీ మామయ్య అయిపోయాడు!

గురువారం అటక తలుపుకి కొత్త తాళం. చెవి వాడి దగ్గరే. శుక్రవారం కౌన్సిల్‌కి ఒక కాగితం పంపాడు. ముందు గదిలో పొగగూడు పక్క గోడ నిలువునా తెరిచి చూడ్డానికి అనుమతి కావాలట. ఎందుకో రాయలేదు. ఆ గోడ ఎక్కడుందనుకున్నావు? లిఫ్ట్ అడిగిన మూలలోనే.

నేనేమీ అనడం లేదు. చూసింది చెప్పాను. వాణ్ణి నువ్వే అడుగు.

మోసీ


కాసిల్‌టౌన్‌బేర్,
29 అక్టోబర్

మోసీ,

ఏమీ అనడం లేదంటూ అన్నీ అన్నావు. చిన్నప్పుడు గొర్రె కనపడకపోతే లీహీ వాళ్ళింటి మీదకి రాళ్ళు పట్టుకెళ్ళావు. గొర్రె మన పశువుల పాకలోనే పడుకుని ఉంది. వాళ్ళమ్మ మనతో మాట్లాడ్డానికి ఏడాది పట్టింది.

వాడు మొన్న వచ్చాడు. "మీ మామయ్య పైకప్పుని నువ్వు తడిపావా?" అని కన్న తల్లి ఎలా అడుగుతుంది? "మామయ్య ఎలా ఉన్నాడ్రా?" అన్నాను. "అలిసిపోతున్నాడమ్మా. ఆయన మళ్ళీ ఆ కప్పెక్కడం నాకిష్టం లేదు" అన్నాడు. నీ మీద బెంగతోనే అన్నాడు. మొహం చూస్తే నాకు తెలియదా? చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో నెత్తురు కూడా వస్తోంది. గొర్రె కొవ్వు రాసి గుడ్డ కట్టి పంపాను.

నా మాట విని నోరు కట్టుకో.

డీలియా


కార్క్,
13 నవంబర్

అక్కా,

పడిపోయింది.

శని, ఆదివారాలు గాలివాన. సోమవారం వెళ్ళి చూస్తే వెనక మూల పైకప్పు తలుపంత మేర కింద ముద్దగా పడి ఉంది. లోపలి చెక్క బద్దలు ఎముకల్లా బయటపడ్డాయి. తీగలు, ఆకులు, ఒక ఆవు తలకాయలో సగం. నేను మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతుంటే మేస్త్రీలందరూ టోపీలు తీసి నిలబడ్డారు, శవం దగ్గర నిలబడ్డట్టు.

నీ కొడుకు వచ్చాడు. మొహం సున్నంలా ఉంది. "మామయ్యా, నీతో ఒక మాట చెప్పాలి, బయటికి రా" అన్నాడు.

"బయటికెందుకు? ఇక్కడే చెప్పు. లిఫ్ట్‌కి దారి దొరికింది, సంతోషమని చెప్పు" అన్నాను.

"అలా కాదు…"

"దొంగవిరా నువ్వు. ఇంటికి కన్నం వేసే దొంగకన్నా హీనం. నువ్వు ఇంటినే కాజేశావు."

అందరి ముందూ అన్నాను. వాడు టోపీ తీసి అక్కడున్న బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను మళ్ళీ కప్పెక్కడం ఇష్టం లేదన్నాడని రాశావే. ఎందుకిష్టం ఉంటుంది? ఎక్కితే వాడు చేసింది నా కంట పడుతుంది. నీ ఉత్తరం చదివాకే నాకు గట్టి నమ్మకం కుదిరింది. చూసిందంతా తేదీలతో సహా మిసెస్ టార్పీకి రాసి ఇచ్చాను. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నాకూ కష్టంగానే ఉంది.

మోసీ


కాసిల్‌టౌన్‌బేర్,
20 నవంబర్

మోసీ,

నా మాటనే కత్తి చేసి నా కొడుకుని పొడిచావా?

వాడు వచ్చాడు. రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని మూడో రోజు అంతా చెప్పాడు. చెప్పాక వాళ్ళ నాన్న ఫొటో మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నీకు ఒక్క ముక్క కూడా రాయలేను. ఇంతే చెప్తాను. కౌన్సిల్‌కి వెళ్ళి నీ ఉత్తరం వెనక్కి తీసుకో. ఎందుకని అడక్కు. తవ్వకు. తవ్వితే మంచిది కాదు.

అక్కగా చెప్తున్నాను, బతిమాలుకుంటున్నాను.

డీలియా


కార్క్,
2 డిసెంబర్

డీలియా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. చేసినవాడు ఒప్పుకున్నాడు, తల్లి దాచిపెడుతోంది. పైగా తవ్వకు అంటోంది!

ఇక్కడ విచారణ మొదలైంది. తేలేదాకా లోర్కన్‌ని పనిలోకి రావద్దన్నారు. అటక తాళంచెవి అడిగితే కిక్కురుమనకుండా ఇచ్చేశాడట. తప్పు చెయ్యనివాడు అలా ఇస్తాడా? గొంతు చించుకోడూ?

నలభై రెండేళ్ళుగా గార పని చేస్తున్నాను. ఏ ఇంట్లోనూ నా చేతుల మీదుగా ఏదీ పాడవలేదు. నా రక్తం పంచుకున్నవాడే ఈ పని చేశాడని తలెత్తుకోలేకపోతున్నాను. నువ్వు వాడి తల్లివి, నీ బాధ నీది. నా వైపు కూడా ఒకసారి చూడు.

మోసీ


కాసిల్‌టౌన్‌బేర్,
14 డిసెంబర్

క్రిస్మస్ కేకు అందింది. అదే డబ్బాలో పెట్టి తిప్పి పంపుతున్నాను.

లోర్కన్ రేవులో చేపలకి మంచు కొట్టే పనిలో చేరాడు. నీ వైపు చూడమన్నావు. చూశాను.

డీలియా


కార్క్,
8 జనవరి 2002

అక్కా,

నువ్వు రాయవని తెలుసు. అయినా రాస్తున్నాను.

పండగ ఒక్కణ్ణే గడిపాను. అది నీకు చెప్పాలని కాదు. నాకొకటి అర్థం కావడం లేదు. వాడు వెళ్ళి రెండు నెలలు కావస్తోంది. అటక తాళం ఇప్పుడు ఫోర్‌మన్ దగ్గరుంది. ఎవరూ ఎక్కడం లేదు. మరి మచ్చ ఎందుకు పెరుగుతోంది? వాడున్నప్పటికన్నా రెండింతలైంది. నిన్న పొగగూడు దగ్గర గార పట్టీ ఇంకో మూరెడు ఊడింది. నేను కింద నిలబడి చేతులతో పట్టుకున్నాను, పసిపిల్లని పట్టుకున్నట్టు.

వాడు ఏదో చేసిపోయాడనుకుందామంటే, ఏం చేసిపోయాడు? పని చేస్తున్నంతసేపూ అదే ఆలోచన.

మిసెస్ టార్పీ లోర్కన్ పంపిన పాత కాగితం బయటికి తీసింది. రెండు వారాల్లో తన ఎదుటే ఆ గోడ తెరిపిస్తానంటోంది.

మోసీ


కార్క్,
22 జనవరి

అక్కా,

ఇది నువ్వు కూర్చుని చదువు.

ఈ ఇంటికి ముందు మొహం మీద వాన గొట్టాలు లేవు. ఆ వెన్న వ్యాపారికి అవి అసహ్యమట. కప్పు మీద పడ్డ నీళ్ళు పిట్టగోడ వెనక సీసపు కాలువలోకి, అక్కణ్ణించి గోడ లోపల దాచిన గొట్టంలోకి, అలా మాళిగ కిందికి పోతాయి. ఆ గొట్టం పొగగూడు పక్క గోడలో ఉంది. లోర్కన్ తెరవాలన్నది దాన్ని. లిఫ్ట్ కోసం కాదు.

ప్లంబర్ పాట్సీ నిన్న ఒక్కో ఇటుకా తీసి గొట్టం కోశాడు. లోపల్నించి తెల్లటి దుంగలాంటిది లాగాడు. నా మోచేయంత పొడవు, రాయిలా గట్టిగా ఉంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అందులో గోనెపీచు పోగులు. ఇక్కడ గోనెపీచు కలిపి అచ్చులు పోసేది నేనొక్కణ్ణే.

"నీదే కదా మోసీ?" అన్నాడు పాట్సీ. గొంతులో వెక్కిరింత లేదు. ఉన్నా బాగుండేది.

సెప్టెంబర్‌లో పెరట్లో కందకం తవ్వి కుళాయి ఆపేశారు. అద్దాల గూడు చుట్టూ పని కాబట్టి కప్పు మీదే పీపా పెట్టుకుని కలుపుకున్నాను. పది రోజులు బకెట్లు ఆ సీసపు కాలువలోనే కడిగాను. తెల్లనీళ్ళే కదా, వానకి పోతాయనుకున్నాను. నా కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి, ప్లాస్టర్ నీళ్ళు తూములో పొయ్యొద్దని. ఈసారి దిగి వెళ్ళడానికి బద్ధకించాను. మోకాళ్ళు నొప్పి. నాకు నేను చెప్పుకున్న సాకు అదే.

మిగతాది పాట్సీ చెప్పాడు. లోర్కన్ అక్టోబర్‌లోనే కనిపెట్టాడట. గొట్టంలోకి ఇనప ఊచ దింపి చూశాడట, కదల్లేదు. అప్పట్నించి రోజూ మేం తినే వేళకి ఎక్కి, పిట్టగోడ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నిలిచిన నీళ్ళు సత్తు గిన్నెతో తోడి బయటికి పోసేవాడట. "ఇంకెవరన్నా ఎక్కితే మామయ్య పేరు బయటికొస్తుంది, పాత కట్టడాల పనికి కౌన్సిల్ ఒప్పుకున్న మేస్త్రీల జాబితాలోంచి కొట్టేస్తారు" అని తాళం వేసుకున్నాడట. అందుకే గోడ ఎందుకు తెరవాలో కాగితంలో రాయలేదు. వాడు తోడినన్ని రోజులూ మచ్చ పళ్ళెమంతే ఉంది. వాడు రాని ఆ రెండు రోజుల గాలివానలో పైకప్పు మూల పడింది. నేను వాణ్ణి వెళ్ళగొట్టాక ఇంకొంత పడింది.

పాట్సీకి కూడా నోరు కట్టేసిపోయాడట. నీకు ఒట్టు, వాడికి ఒట్టు. నేను మాత్రం నోరు తెరుచుకుని ఊరంతా తిరిగాను.

ఇవాళ కౌన్సిల్‌కి వెళ్ళాను. ఉత్తరం వెనక్కి ఇవ్వరట, ఫైల్లో నంబరు పడిందట. దాని పక్కన ఇంకోటి పెట్టమన్నాను. అందులో పూర్తిగా రాశాను, బకెట్లతో సహా. మిసెస్ టార్పీ చదివి కళ్ళజోడు తీసింది. "మిస్టర్ హర్లీ, ఏడాది పాటు మీ పేరు జాబితాలో ఉండదు. ఈ పైకప్పు మాత్రం మీరే పూర్తి చెయ్యాలి" అంది. కోపంతో అందో, దయతో అందో తెలియలేదు. అడగలేదు.

అక్కా, వాడు ఆ రోజు బయటికి రమ్మన్నది ఇది చెప్పడానికే. నేను వెళ్ళలేదు.

మోసీ


కాసిల్‌టౌన్‌బేర్,
30 జనవరి

మోసీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నవంబర్ నుంచి రోజూ నీకు నిజం రాయాలని కలం తీయడం, మీ బావ ఫొటో చూసి పెట్టెయ్యడం. కన్నకొడుకుని దొంగ అంటుంటే నోరు మూసుకు కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. తెలియకూడదు కూడా.

ఉత్తరం వాడికి ఇచ్చాను. వాకిట్లో నిలబడే చదివాడు. "ఆయన పేరు తీసేశారా?" అన్నాడు. "ఏడాదట" అన్నాను. "ఛ" అని, మంచు బూట్లు విప్పకుండానే మళ్ళీ రేవు వైపు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక అన్నం తిన్నాడు. నీ గురించి మాట్లాడలేదు.

"ఆ రోజు నలుగురిలోనూ ఎందుకు చెప్పలేదురా?" అని నేనే అడిగాను. "మొదట ఆయన కోసం. దొంగ అన్నాక మాత్రం నా కోసం. ఆయనంతట ఆయనే కనుక్కోవాలనిపించింది. అది నా తప్పే. పైకప్పు పోయింది కదా" అన్నాడు. నువ్వొక్కడివే తప్పు చేశావనుకోకు. మీ ఇద్దరి పొగరుకీ మధ్యలో ఆ ఇల్లు తడిసింది.

ఇంక నాకు రాసి నన్ను మధ్యలో నిలబెట్టకు. వాడికి పేరుంది, చిరునామా ఉంది. చెప్పుకోవలసింది వాడికే చెప్పుకో.

డీలియా


కార్క్,
3 ఫిబ్రవరి 2002

లోర్కన్,

మీ అమ్మ నీకే రాయమంది. మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నిన్ను దొంగ అన్నాను. కాదు. దొంగ పని ఎవరూ చెయ్యలేదు. మూర్ఖుడి పని ఒకడు చేశాడు, వాడి పేరు మోసీ హర్లీ. సోమవారం పనివాళ్ళందరినీ ముందు గదిలోకి పిలిచి, నిన్ను ఎక్కడ నిలబెట్టి తిట్టానో అక్కడే నేను నిలబడి ఇది చెప్పాను. నువ్వు లేవు కాబట్టి అది సగమే చెల్లుతుంది. తెలుసు.

నిన్ను తిరిగి తీసుకోమని కంపెనీని అడిగాను. "ఆలోచిస్తాం" అన్నారు. అంతకుమించి అనలేదు. లేనిపోని ఆశ పెట్టను. నువ్వు వస్తావో రావో కూడా నేను అడగను. మంచు కొట్టే పని నీకు నచ్చిందేమో నాకేం తెలుసు? కౌన్సిల్‌లో ఉన్న రెండు ఉత్తరాల నకళ్ళూ ఇందులో పెట్టాను. ఉద్యోగానికి ఎక్కడికెళ్ళినా రెండోది చూపించు.

పైకప్పు మూడు వంతుల్లో రెండు వంతులు నిలిచింది. లిఫ్ట్ ముందు గదిలోకి రాదు. వెనక బొగ్గు గది పక్కన చిన్నది పెడుతున్నారు. నక్షాలో ఆ చోటు మొదట గుర్తుపెట్టింది నువ్వేనని మిసెస్ టార్పీ చెప్పింది. నాకు తెలియదు. నీ గురించి నాకు తెలియనివి చాలా ఉన్నాయని తేలింది.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాను. వద్దంటే శనివారంలోగా ఒక్క ముక్క రాయి, రాను. ఏమీ రాయకపోతే కోపం ఇంకా ఉందనుకుంటాను. అయినా వస్తాను. తలుపు తియ్యకపోతే కాసేపు వాకిట్లో కూర్చుని తిరుగు బస్సు ఎక్కుతాను. ఆ పై ఆదివారం మళ్ళీ వస్తాను.

మీ మామయ్య,
మోసీ